కంప్యూటరు కుంచెలో ధార, అపారదర్శకత

పల్నాడు ప్రాంతములో సున్నమునకు కొరత లేదు. పిడుగురాళ్ల చుట్టుపట్ల భూమిలో సున్నపురాయి విస్తారముగా ఉన్నది. దానిని బట్టీలలో కాల్చి సున్నము చేస్తారు. ఆ సున్నమును నీటిలో కలిపి గోడకు వెల్ల వేసే పనివాని చేతిని కొంతసేపు గమనించినవారికి ఒక సంగతి తెలుస్తుంది. గోడ ఎంత తెల్లబడుతుందనేది రెండు విషయములపై ఆధారపడి ఉన్నది. కుంచె ఒక్కసారి తగిలినప్పుడు ఎంత సున్నము అంటుతున్నది అనేది మొదటిది. అదే చోట కుంచె ఎన్నిసార్లు తిరిగింది అనేది రెండవది. పలుచని సున్నమైనా పలుమార్లు వేస్తే పాత మరకను కప్పుతుంది. చిక్కని సున్నమైతే ఒకటి రెండు పూతలతోనే కప్పుతుంది.

కంప్యూటరు తెరమీద బొమ్మలు వేసే కుంచెలోనూ ఇటువంటి లెక్కే ఉన్నది. నరసరావుపేటలోగాని, మాచర్లలోగాని, గురజాలలోగాని ఒక విద్యార్థి ఫొటోషాప్, క్రిటా వంటి చిత్రలేఖన సాధనమును తెరిస్తే, కుంచె గుర్తు పక్కన రెండు కొలతలు కనిపిస్తాయి. ఒకదాని పేరు ఓపాసిటీ, అనగా అపారదర్శకత. రెండవదాని పేరు ఫ్లో. దానిని ధార అని చెప్పుకోవచ్చును. రెండూ నూటికి ఇంత అని చూపే అంకెలే. దేనిని తగ్గించినా రంగు పలచబడుతుంది. అందుచేత రెండూ ఒకటేనని, ఒకే పనికి రెండు పేర్లు పెట్టారని కొత్తవారు అనుకొంటారు.

చిక్కు తరువాత వస్తుంది. ఆకాశమునకు సమానముగా నీలిరంగు పూయబోతే చారలు పడతాయి. ముఖము మీద నీడను మెల్లగా చిక్కబరచబోతే అంచు కత్తితో కోసినట్లు ఏర్పడుతుంది. చేయి తిరగలేదనో, ఈ కళ తనకు అబ్బదనో నిరుత్సాహపడి విద్యార్థి ఆ పని మానివేయవచ్చును. నిజమునకు లోపము చేతిలో లేదు. రెండు అంకెలకు గల భేదము తెలియకపోవుటలో ఉన్నది. ఆ భేదము గుణకారము వచ్చిన ప్రతివారికీ అర్థమయ్యేదే.

కప్పుట అంటే ఏమి?

మొదట అసలైన రంగు సంగతి చూడవలసి ఉన్నది. శుద్ధమైన సున్నపురాయిని సుమారు 900 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో కాలిస్తే, 100 కిలోల రాయి నుండి 44 కిలోల బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి 56 కిలోల పొడిసున్నము మిగులుతుంది. దీనికి నీరు తగిలితే సలసల కాగి తడిసున్నమవుతుంది. దానినే నీటితో పలచన చేసి వెల్లగా వాడతారు. గోడమీద ఆరిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని తిరిగి సున్నపురాయి పదార్థముగానే మారుతుంది.

వెల్ల వేసిన వెంటనే గోడ అంత తెల్లగా కనబడదు. పాత మరకలు లోపలినుండి తొంగిచూస్తూనే ఉంటాయి. ఆరిన తరువాత అదే పూత తెల్లగా తేలుతుంది. దీనికి కారణము కాంతి వక్రీభవనము. సున్నపు రేణువుల వక్రీభవన గుణకము సుమారు 1.6. నీటిది 1.33. గాలిది దాదాపు 1. తడిగా ఉన్నప్పుడు రేణువుల మధ్య నీరు ఉంటుంది. రెండు గుణకములకు అంతరము తక్కువ గనుక కాంతి అంతగా చెదరక లోపలికి పోయి మరకను తాకి తిరిగి వస్తుంది. నీరు ఆరి ఆ స్థానములోకి గాలి చేరగానే అంతరము పెరుగుతుంది. కాంతి రేణువు రేణువునా చెదరి వెనుకకు మళ్లుతుంది. మరక వరకు పోయే కాంతి తగ్గుతుంది. దీనినే రంగు కప్పింది అంటారు. కింద ఉన్నదానిని ఏ మేరకు కనబడనీయదో ఆ మేరకు ఆ పూతకు అపారదర్శకత ఉన్నదన్నమాట.

తెరమీది రంగు

కంప్యూటరులో రేణువులూ లేవు, తడీ లేదు. తెరమీది బొమ్మ పిక్సెళ్లు అనే చిన్న చిన్న చిత్రబిందువుల సముదాయము. ప్రతి బిందువునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అనే మూడు అంకెలుంటాయి. సాధారణముగా ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు ఉండవచ్చును. మూడూ 0 అయితే నలుపు. మూడూ 255 అయితే తెలుపు.

ఒక రంగుపై మరొక రంగు వేయడమంటే ఈ అంకెలకు ఒక రకమైన సగటు కట్టడమే. కొత్త రంగు అపారదర్శకత 50 శాతమైతే, కొత్త అంకెలో సగము, పాత అంకెలో సగము తీసుకొని కూడవలెను. 30 శాతమైతే కొత్తదానిలో 30 పాళ్లు, పాతదానిలో 70 పాళ్లు. పల్నాటి నల్లరేగడి చేనును గీసి, దానిపై ఎండు మిరపకాయల రాశిని వేయదలచారనుకొందాము. నేలరంగు అంకెలు 60, 50, 40. మిరప ఎరుపు అంకెలు 200, 20, 20. అపారదర్శకత 50 శాతముతో వేస్తే వచ్చే రంగు 130, 35, 30. నేల సగము, మిరప సగము కలిసిన ముదురు ఎరుపు అది. అదే గీతను మరల దానిమీదనే వేస్తే, నేల వంతు సగములో సగమై నాలుగవ వంతునకు దిగుతుంది. మూడవసారి ఎనిమిదవ వంతు. నేల ఎప్పటికప్పుడు సగమవుతుందేగాని లెక్క ప్రకారము పూర్తిగా సున్న కాదు. ఇది గుణశ్రేఢి.

గీత కాదు, ముద్రల వరుస

భేదము యావత్తూ ఇక్కడ ఉన్నది. తెరమీద కుంచెతో లాగినది ఒకే గీతగా కనిపించినా, కంప్యూటరు దానిని ఒకే గీతగా వేయదు. కుంచె ఆకారములో ఉన్న ముద్రను ఒకదాని పక్కన ఒకటిగా వేసుకుంటూ పోతుంది. ముద్రలు దగ్గర దగ్గరగా పడటము వలన కంటికి గీతగా తోస్తుంది. కుంచె వ్యాసము 40 బిందువులు, ముద్రకూ ముద్రకూ దూరము 10 బిందువులు అనుకొంటే, గీత నడిమధ్యన ఉన్న ప్రతి బిందువు మీదా నాలుగు ముద్రలు పడతాయి.

ధార అనేది ఈ ఒక్కొక్క ముద్రలో ఎంత రంగు దిగాలో చెప్పే అంకె. అపారదర్శకత అనేది కుంచె ఆనించినది మొదలు ఎత్తేవరకు పడిన ముద్రలన్నీ కలిసి, అనగా మొత్తము గీత, ఎంతవరకు కప్పవచ్చునో చెప్పే హద్దు.

ముంగిట ముగ్గు వేసే చేతిని తలచుకొంటే ధార సులభముగా తెలుస్తుంది. వేళ్ల సందునుండి పిండి ఎంత సన్నగా జారితే గీత అంత పలుచన. అదే గీతమీద చేతిని మరల పోనిస్తే పిండి ఇంకా పడి గీత చిక్కనవుతుంది. అపారదర్శకతకు పోలిక రంగు గాజుకాగితము. ఒక కాగితము ఎంత కప్పుతుందో అంతే కప్పుతుంది. దానిని చేతితో ఎంత రుద్దినా రంగు పెరగదు. రంగు పెరగాలంటే మరొక కాగితము తెచ్చి దానిమీద పరచవలెను. కుంచెను ఎత్తి మరల ఆనించడమంటే రెండవ కాగితము పరచడమే.

కంప్యూటరు లోపల జరిగే పనికూడా సుమారుగా ఇటువంటిదే. కుంచె ఆనగానే కంటికి కనిపించని ఒక విడి పత్రముమీద ముద్రలు పడటము ప్రారంభమవుతుంది. ధారనుబట్టి అక్కడ రంగు పేరుకొంటుంది. ఆ పత్రమును అపారదర్శకత అంకె ప్రకారము పలచన చేసి అసలు బొమ్మమీద పరుస్తారు. పత్రము మీద రంగు ఎంత పేరుకొన్నా, ఆ గీత హద్దు దాటదు.

ఈ హద్దు వెల్లవేసే కుంచెకు లేదు. గోడమీద ఒకే చోట రుద్దుతూపోతే సున్నము పేరుకుంటూనే ఉంటుంది. ధారకు లోకములో పోలిక ఉన్నదిగాని, కుంచెకు హద్దు పెట్టడము కంప్యూటరుకే చెల్లిన సౌకర్యము. కొత్తవారు తికమకపడటానికి ఇదే ముఖ్య కారణము.

ఒకే అంకె, రెండు దారులు

ఇప్పుడు లెక్క చూడవచ్చును. ధార 20 శాతము, అపారదర్శకత 100 శాతము పెట్టి ఒక గీత లాగితే, మధ్యనున్న బిందువుపై నాలుగు ముద్రలు పడతాయి. ప్రతి ముద్ర తరువాత పాత రంగులో 80 పాళ్లు మిగులుతుంది. నాలుగుసార్లకు 0.8ను నాలుగుసార్లు గుణించాలి. మిగిలేది 0.41. అనగా గీత 59 శాతము కప్పింది.

రెండవ విద్యార్థి ధార 100 శాతము ఉంచి, అపారదర్శకతను 59 శాతమునకు తగ్గించి గీత లాగాడనుకొందాము. మొదటి ముద్రతోనే పత్రము నిండింది. హద్దు 59. కనుక గీత 59 శాతము కప్పింది. రెండు గీతలనూ పక్కపక్కన పెడితే నడిమి రంగు ఒక్కటే. ఈ దశలో రెండు అంకెలూ ఒకటేనని ఎవరైనా పొరపడవచ్చును.

ఇద్దరూ కుంచె ఎత్తకుండానే వచ్చిన దారిన వెనుకకు లాగితే తేడా బయటపడుతుంది. మొదటి గీతమీద ఇప్పుడు ఎనిమిది ముద్రలు పడ్డాయి. 0.8ను ఎనిమిదిసార్లు గుణిస్తే సుమారు 0.17. అనగా 83 శాతము కప్పింది. రెండవ గీత 59 దగ్గరే నిలిచి ఉన్నది. ఇంకా పదిసార్లు రుద్దినా అది కదలదు.

అలాకాక ఇద్దరూ ఒక గీత లాగి, కుంచె ఎత్తి, మరల అదే చోట గీత లాగితే ఏమవుతుంది? మొదటిది మునుపటివలెనే 83 శాతము. రెండవదానిలో మిగిలిన 0.41ను 0.41తో గుణిస్తే 0.17. అదికూడా 83 శాతమే. అంటే కుంచె ఎత్తితే ఇద్దరికీ ఫలితము సమానము, ఎత్తకపోతే వేరు. ఈ రెండు అంకెల మర్మమంతా కుంచె ఎత్తుటలో ఉన్నది.

మరొక తేడా అంచులలో కనిపిస్తుంది. గుండ్రని ముద్రలు వరుసగా పడినప్పుడు మధ్యన నాలుగు పడితే, అంచువద్ద రెండో మూడో, చిట్టచివర ఒకటో పడతాయి. వృత్తములో కేంద్రమునకు దూరమైనకొద్దీ జ్యా పొడవు తగ్గుతుందని రేఖాగణితము చెప్పినదే ఇది. కనుక తక్కువ ధారతో గీసిన గీత అంచులు పలచబడి మెత్తగా ఉంటాయి. నిండు ధార, తక్కువ అపారదర్శకత గల గీతలో ఒక ముద్ర పడినా పత్రము నిండినట్లే గనుక అంచునుండి అంచువరకు ఒకే రంగు.

ఎక్కడ ఏది వాడవలెను?

మాచర్ల మండలములోని నాగార్జునకొండ శిల్పములు క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దుల ఇక్ష్వాకుల కాలములోనివి. లేతఛాయ గల పల్నాటి సున్నపురాయిలో చెక్కినవి. అటువంటి శిల్పమును తెరమీద గీయబోయే విద్యార్థికి రెండు రకముల నీడలు అవసరమవుతాయి.

శిల్పములోని ముఖము ఉబ్బెత్తుగా ఉండి అన్ని పక్కలకూ మెల్లగా వంగుతుంది. అక్కడ వెలుగు ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలయిందో చెప్పలేము. అటువంటి చోట ధారను 5 లేక 10 శాతమునకు తగ్గించి, అపారదర్శకతను 100 వద్దనే ఉంచి, కుంచెను ఎత్తకుండా నీడ కావలసిన చోట ఎక్కువసార్లు, అక్కరలేని చోట తక్కువసార్లు తిప్పవలెను. రంగు క్రమముగా పేరుకొని గుండ్రదనము వస్తుంది.

శిల్పఫలకము నేలపై వేసే నీడ అటువంటిది కాదు. అది ఎండలో సమానముగా, అంచులు తీర్చినట్లుగా ఉంటుంది. కింది రాతి గరుకు ఆ నీడలోనుండి కనబడుతూనే ఉండాలి. ఇక్కడ ధార 100, అపారదర్శకత 40 అటూ ఇటుగా పెట్టి, కుంచె ఎత్తకుండా నీడ భాగమంతా ఒక్క ఊపున పూయవలెను. మధ్యలో ఎత్తి మరల ఆనిస్తే, రెండు గీతలు కలిసిన చోట 40 కాస్తా 64 అవుతుంది. చార పడుతుంది. ఆకాశములో పడే చారలకు కారణము ఇదే. బొమ్మ పెద్దదై మధ్యలో ఎత్తక తప్పదనుకొంటే, నిండు రంగుతో వేరొక పొరమీద పూసి, తరువాత ఆ పొర మొత్తమునకు అపారదర్శకత తగ్గించడము మేలైన పద్ధతి.

ఒత్తిడిని గుర్తించే కలము ఉన్నవారు, ఒత్తినకొద్దీ ధార పెరిగేటట్లు అమర్చుకోవచ్చును. అప్పుడు చేతి బరువే రంగు చిక్కదనమవుతుంది. క్రిటాలో గీతకు హద్దు ఉంచే పద్ధతి, హద్దు లేకుండా పేరుకొనే పద్ధతి అని రెండు విడివిడిగా ఉన్నాయి. పేరుకొనే పద్ధతిలో ఉండి హద్దు పనిచేయలేదని చింతించడము వ్యర్థము. ముందు ఏ పద్ధతిలో ఉన్నదో చూసుకోవలెను.

ఈ లెక్క ఎట్లా వచ్చింది?

1973లో అమెరికాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ పరిశోధనాలయమునకు చెందిన రిచర్డ్ షూప్ అనే శాస్త్రజ్ఞుడు సూపర్‌పెయింట్ అనే చిత్రలేఖన యంత్రమును పనిచేయించాడు. 1977 ప్రాంతములో న్యూయార్క్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేస్తూ ఎడ్ కాట్మల్, ఆల్వీ రే స్మిత్ అనేవారు ప్రతి చిత్రబిందువుకు మూడు రంగుల అంకెలతోపాటు, అది ఎంత కప్పుతుందో చెప్పే నాల్గవ అంకెకూడా ఉండాలని భావించారు. దానికి గ్రీకు అక్షరమైన ఆల్ఫా పేరు పెట్టారు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనేవారు ఒక చిత్రముపై మరొక చిత్రము పరచే నియమములనన్నిటినీ ఈ అంకె ఆధారముగా క్రమబద్ధము చేశారు. 1996లో ఈ నలుగురికీ అమెరికా చలనచిత్ర అకాడమీ సాంకేతిక పురస్కారము లభించింది. మిరపరాశి ఉదాహరణలో కట్టిన సగటు వీరి నియమములలో ఒకటి.

లెక్కకు గల పరిమితులు

బిందువు అంకెలు 0 నుండి 255 వరకు పూర్ణాంకములే గనుక ఒక విచిత్రము జరుగుతుంది. తెల్లని నేలపై నలుపును 1 శాతము వంతున అనేకసార్లు వేస్తూ, ప్రతిసారీ వచ్చినదానిని పూర్ణాంకముగా సవరించుకుంటూ పోతే, నేల క్రమముగా నల్లబడుతూ సుమారు 50 దగ్గర ఆగిపోతుంది. 50లో ఒక శాతము అర మాత్రమే. 49.5ను సవరిస్తే తిరిగి 50 అవుతుంది. ఆపైన వేయిసార్లు పూసినా నలుపు రాదు. మరీ తక్కువ అంకెలతో పనిచేసేవారికి రంగు ఒక చోట మొండికేసినట్లు తోచడానికి ఇది ఒక కారణము. ఒక్కొక్క రంగుకు 65,536 మెట్లు గల పద్ధతిని ఎన్నుకొంటే ఈ చిక్కు చాలావరకు తొలగుతుంది.

రెండవ పరిమితి రంగుల కలయికలో ఉన్నది. పసుపు అంకెలు 255, 255, 0. నీలము అంకెలు 0, 0, 255. పసుపుపై నీలమును 50 శాతముతో వేస్తే సగటు 128, 128, 128. అది బూడిదరంగు. నీటిరంగుల పెట్టెలోని పసుపును, నీలమును కలిపితే ఆకుపచ్చ వస్తుందని పిల్లలందరికీ తెలుసు. రంగు రేణువులు కొంత కాంతిని పీల్చుకొని, కొంత చెదరగొడతాయి. ఆ రెంటినీ లెక్కలోకి తీసుకొన్న సిద్ధాంతమును 1931లో కుబెల్కా, ముంక్ అనేవారు ప్రకటించారు. తెరమీది మామూలు కుంచె అంత దూరము పోదు. సగటు కట్టి ఊరుకొంటుంది.

తరగతిలో చేసి చూడదగినది

ఉపాధ్యాయులు ఈ విషయమును ఒక పీరియడులో చేయించి చూపవచ్చును. తెల్లని నేల, నల్లరంగు, గట్టి అంచు గల గుండ్రని కుంచె, ముద్రల దూరము వ్యాసములో 25 శాతము పెట్టించవలెను. కలము ఒత్తిడి ప్రభావమును తీసివేయించవలెను.

మొదటి జట్టు ధార 20, అపారదర్శకత 100తోను, రెండవ జట్టు ధార 100, అపారదర్శకత 59తోను ఒక్కొక్క గీత లాగవలెను. రంగును చదివే సాధనముతో గీత మధ్యలోని అంకెను చూస్తే రెండింటిలోను 105కు దగ్గరగా ఉంటుంది. తరువాత కుంచె ఎత్తకుండా ముందుకు, వెనుకకు లాగిన గీతలను చదివితే మొదటి జట్టుకు సుమారు 43, రెండవ జట్టుకు 105 రావలెను. చివరకు కుంచె ఎత్తి రెండుసార్లు గీసినవాటిని చదివితే ఇద్దరికీ సుమారు 43. సాధనమునుబట్టి అంకెలు కొద్దిగా మారవచ్చునుగాని, క్రమము మారదు.

చదివిన అంకెలను విద్యార్థులు ముందుగా కాగితముమీద లెక్కకట్టిన అంకెలతో పోల్చుకోవలెను. ధార 10 శాతమైతే గీత ఒకసారికి 34 శాతమే కప్పుతుందని, 50 శాతమైతే దాదాపు 94 శాతము కప్పుతుందని వారే కనుగొంటారు. అనగా ధారను సగము చేస్తే రంగు సగము కావలసిన పని లేదు. ఈ ఒక్క సంగతి తెలిసిన విద్యార్థి అంకెలను ఊహతో తడుముకోడు. నీడ ఒకేసారి రావాలా, క్రమముగా పేరుకోవాలా అని ముందు నిర్ణయించుకొంటాడు. ఒకేసారి కావలసినదానికి అపారదర్శకతను, పేరుకోవలసినదానికి ధారను సవరించి, ఆపైన తన చేతిని నమ్ముకొంటాడు.